నేర్చుకోవడానికి ఎవరి శరీరం?

అల్ట్రాసౌండ్ చేయడం పుస్తకం చదివితే రాదు. ప్రోబ్ చేత్తో పట్టుకోవాలి, ఎంత నొక్కాలో తెలియాలి, తెరమీది నలుపు తెలుపుల్లోంచి అండాశయాన్ని పోల్చుకోవాలి. అందుకు శరీరం కావాలి. ఇంతవరకూ నాకెవరితోనూ పేచీ లేదు. ఆ శరీరం ఎవరిది, ఆమెను ఎవరైనా అడిగారా అన్నదే నా ప్రశ్న.

2015లో అమెరికాలోని ఫ్లోరిడాలో వాలెన్సియా కాలేజీ అనే ప్రభుత్వ విద్యాసంస్థ మీద సోనోగ్రఫీ విద్యార్థినులు కోర్టుకెక్కారు. తోటి విద్యార్థులు నేర్చుకునేందుకు యోని ద్వారా చేసే స్కానింగుకు తమ శరీరాలను అప్పగించమన్నారనీ, వద్దంటే మార్కులు తగ్గిస్తామనీ ఉద్యోగాలు రాకుండా చేస్తామనీ బెదిరించారనీ వాళ్ల ఫిర్యాదు. అంతా స్వచ్ఛందమే, దేశమంతటా ఉన్న పద్ధతే అని కాలేజీ జవాబు. కింది కోర్టు కేసు కొట్టేసింది. 2016లో పదకొండవ సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది. ఫిర్యాదు చేయడం విద్యార్థినుల వాక్ స్వాతంత్ర్యమనీ, వాళ్లు చెప్పినట్టే జరిగి ఉంటే ఆ స్కానింగు రాజ్యాంగం దృష్టిలో 'సోదా' అవుతుందనీ చెప్పింది. చదువు చెప్పడానికే చేశామన్నంత మాత్రాన అది సోదా కాకుండా పోదు.

'స్వచ్ఛందం' అనే మాటను విప్పి చూడాలి. మార్కులు వేసే మనిషే అడిగినప్పుడు 'వద్దు' అనడానికి ఆ అమ్మాయి ఎంత మూల్యం చెల్లించాలి? అధికారం ఉన్నచోట మౌనాన్ని అంగీకారం కింద జమకట్టడం పితృస్వామ్యానికి పాత అలవాటు. పెళ్లిలో చూశాం, ఆఫీసులో చూశాం, ఆసుపత్రిలోనూ అదే.

ఇది అమెరికా గొడవ అనుకోవద్దు. ఇక్కడ విద్యార్థిని స్థానంలో పేదరాలు ఉంటుంది. ప్రభుత్వాసుపత్రిలో ఆమె బల్లమీద పడుకుంటే చుట్టూ నలుగురు విద్యార్థులు నిలబడటం మనం ఎరగనిదా? చీర పక్కకు జరపమనేవాళ్లే గాని, "ఈ అబ్బాయి నేర్చుకుంటున్నాడమ్మా, నీకు సమ్మతమేనా?" అనేవాళ్లెంతమంది? ఉచిత వైద్యానికి ఆమె తన శరీరంతో రుసుము కడుతోంది.

లింగనిర్ధారణను నిషేధించే 1994 చట్టం కోసం మహిళా సంఘాలు పోరాడాయి. దాని కింద 2014లో వచ్చిన నిబంధనలు ఎంబిబిఎస్ డాక్టర్లకు ఆరు నెలల్లో 300 గంటల స్కానింగు శిక్షణను నిర్దేశించాయి. గర్భిణికి స్కాన్ చేస్తే ఫారం-ఎఫ్ నింపాలి. బిడ్డ ఆడో మగో తెలుసుకోగోరడం లేదని ఆమె సంతకమో వేలిముద్రో పెట్టాలి. ఆ ఫారాన్ని సడలించమని నేననడం లేదు. అది ఉండి తీరాలి. కాని కడుపులోని బిడ్డ గురించి ఆమె చేత హామీ రాయించుకునే ఆ కాగితంలో, నేర్చుకునే చేయి తన ఒంటిమీద పడటం ఆమెకు ఇష్టమేనా అని అడిగే వరుస ఒక్కటీ లేదు.

"అడుగుతూ పోతే అందరూ కాదంటారు, రేపు మీకు స్కాన్ చేసేదెవరు?" అంటారు. అడిగితే ఒప్పుకోరన్న భయం ఉందంటే, ఇన్నాళ్లూ అడక్కుండానే చేశామని ఒప్పుకున్నట్టే. యోని స్కానింగు నేర్పే నమూనాలూ సిమ్యులేటర్లూ ఉన్నాయి. తొలి తప్పులు వాటిమీద చేయనివ్వండి. మత్తులో ఉన్న రోగులకు విద్యార్థులు ఇలాంటి పరీక్షలు చేయాలంటే ముందే రాతపూర్వక సమ్మతి ఉండాలని 2024 ఏప్రిల్లో అమెరికా ఆరోగ్యశాఖ ఆసుపత్రులకు స్పష్టం చేసింది. దానివల్ల అక్కడ వైద్యవిద్య మూతపడలేదు.

ఇమేజింగ్ టెక్నాలజీ వంటి వృత్తుల కోసం 2021లో జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. ఆ పాఠ్యప్రణాళికల్లో సమ్మతిని ఒక పాఠంగా, పరీక్షాంశంగా చేర్చాలి. తోటి విద్యార్థినుల శరీరాలపై అంతర్గత స్కానింగును నిషేధించాలి. రోగి సమ్మతిని ఆమె భాషలో, విద్యార్థి లేనప్పుడు, వేరే మనిషి అడగాలి. ఆమె కాదన్నా వైద్యంలో తేడా రాకూడదు. మధ్యలో ఆపమంటే ఆపాలి. ఈ డిమాండ్లను మన సంఘాలు ప్రతి జిల్లాలో ఆసుపత్రి అభివృద్ధి సంఘాల ముందు పెట్టాలి. స్కానింగు గది తలుపు మీద తెలుగులో, ఉర్దూలో రాయించేదాకా వదలకూడదు.