వేళ్ళు దాచుకొనిన సహోదరి



గంపలగూడెములో మేము గృహదర్శనమునకు వెళ్ళినప్పుడు ఒక సహోదరి రెండు చేతులూ కొంగులో దాచుకొనెను. తెల్లవారి గంటసేపు వేళ్ళు ముడుచుకోవట. "ఏ పాపము చేసితినో అయ్యగారూ" అనెను. పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు అడిగినదీ అదే. ప్రభువు ఒప్పుకొనలేదు.

అది రుమటాయిడ్ కీళ్ళవాతము. మన మాంసకృత్తులలోని ఆర్జినిన్‌ను ఒక ఎంజైము సిట్రులిన్‌గా మార్చును. ఆరోగ్యవంతులలోనూ ఇది జరుగును. కొందరిలో మాత్రము దేహమును కాచు రక్షణబలము ఆ మారిన రూపమును శత్రువనుకొని సొంత కీళ్ళపైనే పడును. సిట్రులిన్ పేరు పుచ్చకాయ నుండి వచ్చినదే గాని, పుచ్చకాయ తిన్నందున ఈ జబ్బు రాదు! 1998లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు ఈ సంగతి ప్రచురించిరి. తరువాత యాంటీ సీసీపీ రక్తపరీక్ష వచ్చెను. నొప్పికి ఏండ్ల ముందే కొందరి రక్తములో ఆ గుర్తు కనబడును. పొగ ఊపిరితిత్తులలో ఈ మార్పును పెంచును. చిగుళ్ళను పాడుచేయు ఒక సూక్ష్మజీవికైతే అట్టి ఎంజైము సొంతముగానే ఉన్నది. చుట్ట మానుడని మేము చెప్పునది సాక్ష్యము కొరకే కాదు.

ఆమె ఆరు నెలలు తైలము రాచుకొని ప్రార్థించెను. మేమును ప్రార్థించితిమి; పరీక్షకు పొమ్మని మొదటనే చెప్పకపోవుట మా తప్పు. వైద్యులు మెథోట్రెక్సేట్ వ్రాసిరి, వారమునకు ఒక్కసారే. పొరబాటున దినమూ మింగిన ప్రాణాపాయము. అందుకని ఆమె క్యాలెండరులో ఆదివారములకు మేమే ఎర్ర సిరాతో గుర్తు పెట్టి వచ్చితిమి.