రంగస్థలము విడిచిన తల్లి

రంగస్థలముపై ఆడి పాడిన స్త్రీ పెండ్లియాడి బిడ్డల తల్లియైన పిమ్మట, ఆమె పూర్వవిద్యను గూర్చి ఇంటివారు మాటాడకుండుటయే మర్యాదయని తలంచువారు పెక్కుమంది గలరు. ఆమె పరదేశమునకు వలస పోయినచో ఆ మౌనము మఱింత బలపడును. ఏలయన అచ్చట ఆమె పాట నెఱిగినవారే అరుదు. ఈ మౌనము మర్యాద కాదనియు, బిడ్డలకు కలుగు నష్టమనియు నా యభిప్రాయము. ఇందుకు సాక్ష్యముగా చీనాదేశపు తల్లి యొకతె కథను చదువరుల ముందుంచుచున్నాను.

ఆమె పేరు లీ గ్వేఫెన్. పెకింగు నాటకములలో ఆమె ధరించిన వేషములు రాణులవి కావు, చెలికత్తెలవియు కావు. పొడవైన గడ్డము వ్రేలాడు పెద్దవయసు పురుషుల వేషములు. మంత్రులు, సేనాపతులు, రాజభక్తులైన వృద్ధులు ఈ తరగతిలోనివారు. మన ఆంధ్రదేశమున స్థానం నరసింహారావుగారు పురుషులై యుండియు సత్యభామ వేషముతో ప్రేక్షకులను మైమఱపించిరని పెద్దలు చెప్పగా వినియున్నాము. చీనాలో మే లాన్‌ఫాంగ్ (1894–1961) అను మహానటుడు అట్లే స్త్రీ పాత్రలకు పేరొందెను. లీ గ్వేఫెన్ మార్గము దీనికి ఎదురైనది; ఆమె స్త్రీయై పురుష కంఠమును సాధించెను.

ఆ సాధన సామాన్యమైనది కాదు. పాట, పలుకు, అభినయము, యుద్ధవిన్యాసము అను నాలుగును పెకింగు నటులు నేర్వవలెను. రంగముపై తెరలును మేడలును ఉండవు; ఒక బల్లయు రెండు కుర్చీలును ఉన్న చాలును. చేత కొరడా పట్టినచో గుఱ్ఱమెక్కినట్లే. వృద్ధ వేషధారి గడ్డమును నిమురుటయందును, విసరుటయందును కోపము వేఱు, దుఃఖము వేఱు, ఆలోచన వేఱు అని చూపఱకు తెలియవలెను. ఇట్టి విద్యను విద్య కాదనుట ఎట్లు? అయినను చీనాలో పూర్వము నటులను నీచజాతివారిగా ఎంచి, వారి కుమారులను సర్కారు పరీక్షలకు కూర్చుండనీయక యుండిరి. పెకింగు నగరపు నాటకశాలలలో స్త్రీలు ఆడుటకు 1912 ప్రాంతమున, గణతంత్రము ఏర్పడిన దినములలో గాని దారి దొరకలేదు.

వివాహమైన తరువాత లీ గ్వేఫెన్ రంగము విడిచెను. 1927లో ఆమెకు లూ యెన్ అను కుమార్తె కలిగెను. షాంఘైలో ఈ తల్లీకూతుండ్రు మే లాన్‌ఫాంగ్ గృహమునందే కొంతకాలము నివసించిరి. ఆయన ఆ బాలికను కూతురివలె చూచుకొనెను. జపానువారి దండయాత్ర కాలమున ఆయన వారి యెదుట ఆడనని మీసములు పెంచెను. స్త్రీ వేషము వేయువానికి మీసమనగా తలుపునకు తాళమే గదా! అట్టి యింట పెరిగిన బాలికకు నాటకమనగా ఆట మాత్రమే కాదని వేఱుగా బోధింపనక్కఱలేదు.

1947లో తల్లియు కూతురును హవాయి దీవులకు వలస పోయిరి. అమెరికా చట్టములు చీనావారికి ఎట్టి కష్టము కలిగించెనో విద్యార్థులు తెలిసికొనవలెను. 1875 నాటి చట్టము పేరునకు దుర్మార్గ వృత్తిని అడ్డుటకే యైనను, కార్యమునందు చీనా స్త్రీల నందఱిని అనుమానించెను. 1882 నాటి చట్టము చీనా కూలీల రాకనే నిషేధించెను. 1943లో ఆ నిషేధము తొలగినను, ఏటికి 105 మందికి మాత్రమే ప్రవేశము నిచ్చిరి. నిషేధకాలమున నటీనటులు పూచీ సొమ్ము కట్టి, గడువునకు లోబడి వచ్చి, 1924, 1925 సంవత్సరములలో సాన్ ఫ్రాన్సిస్కోలో వెలసిన రెండు చీనా నాటకశాలలలో ఆడి పోవుచుండిరి. మన పిల్లలెల్లరు ఎఱిగిన బ్రూస్ లీ 1940లో ఆ నగరమున పుట్టుటకు కారణము, కాంటను నాటక నటుడైన తండ్రి అచ్చట ఆడుటకై వచ్చియుండుటయే.

అంతకు పూర్వపు కథ ఇంకను బాధాకరము. 1834లో ఆఫాంగ్ మాయ్ అను చీనా యువతిని ఇద్దఱు వర్తకులు న్యూయార్కునకు తెచ్చి, చీనా సామానుల నడుమ కుర్చీలో కూర్చుండబెట్టి, తలకు 50 సెంట్లు పుచ్చుకొని జనమునకు చూపిరి. ఆమె చిన్న పాదములను చూచుటకును, పుల్లలతో అన్నము తినుట చూచుటకును జనము విరగబడెను. ఆమెను చూచినవారు వేలు. ఆమెకు ఏమి తెలియునని అడిగినవారెందఱు? కళావతియైన తల్లిని ఇంట మౌనముగా కూర్చుండబెట్టి, ఆమె వంటను, వస్త్రమును మాత్రము చూచు బిడ్డలు ఆ జనమునకంటె మేలని నేననజాలను.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు మొదట నేర్పిన సూత్రములలో నొకటి, తెలిసిన దానినుండి తెలియని దానికి బాలుని నడిపింపవలెననుట. బాలుడు ఇంటినుండి తెచ్చిన దానిని గుమ్మమువద్దనే విడువుమని చెప్పు బడి ఈ సూత్రమునకు ద్రోహము చేయుచున్నది. తల్లి భాషయు, తల్లి పాటయు పట్టుకొని యున్నచో పిల్లలు క్రొత్త దేశపు చదువునందు వెనుకబడుదురని కొందఱి భయము. లూ యెన్ విషయము చూడుడు. ఆమె షాంఘైలోనే, అమెరికా చలనచిత్రములు ఆడుచుండగా, పాత్రల సంభాషణలను అప్పటికప్పుడు చీనా భాషలోనికి మార్చి ప్రేక్షకుల చెవిగొట్టములలో వినిపించు ఉద్యోగము చేసెను. నాటకపు ఇల్లు ఆమె ఇంగ్లీషునకు అడ్డము రాలేదు.

అమెరికాలో లీసా లూ అను పేర ప్రసిద్ధురాలైన ఈమె, బిడ్డల తల్లియైన పిమ్మట పాసడీనాలో నటన నభ్యసించి, 1960లో జేమ్స్ స్టూవర్టు సరసన చలనచిత్రమున నటించెను. 1972లో, నలువదియైదేండ్ల వయసున, యాంగు వంశపు వీరవనితల కథలో ముదుసలి సేనానాయకురాలి పాత్ర వేసి బహుమానము పొందెను. తల్లి గడ్డము ధరించి వృద్ధ సేనాపతులుగా నిలిచిన రంగమున కూతురు నెరసిన తలతో సేన నడిపించుట యాదృచ్ఛికమని నేననుకొనను. 1987లో కడపటి చక్రవర్తి కథలో వృద్ధ మహారాణి. 1993లో, అమెరికాకు వలస వచ్చిన నలుగురు చీనా తల్లుల కథలో ఒక తల్లి. 2018లో, తొంబదియొకటవ యేట, ఒక ధనిక కుటుంబపు అవ్వ. ఇవన్నియు ఆమె పాత్రలే.

ఒక ఆక్షేపణ మాత్రము బరువైనది. రంగమెక్కిన స్త్రీలందఱును ఇష్టముతో ఎక్కినవారు కారు. బాల్యముననే మేళములకు అమ్మబడి, దెబ్బలు తిని నేర్చినవారును చీనాలో నుండిరి. అట్టి తల్లి తన పూర్వకథను మూసియుంచినచో, బిడ్డలు దానిని బలవంతముగా తెఱువరాదు. నేను ఖండించునది తల్లి మౌనమును కాదు. ఇంటివారు ఆమెపై మోపు మౌనమును. మొదటిది ఆమె హక్కు. రెండవది, వచ్చిన చుట్టముల యెదుట మా అమ్మ ఒకప్పుడు పాడెడిదని చెప్పుటకు సిగ్గుపడు కుమారుని పని. ఈ రెంటిని గుర్తించుట కష్టము కాదు. ఒంటరిగా పని చేసికొనుచున్నప్పుడు ఆమె కూనిరాగము తీయునేమో వినిన చాలును.