ఆ బొమ్మలు చూసి హడలిపోకండి

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకదానికి ఇక్కడే జవాబు రాస్తున్నాను. ఊరూ పేరూ వేయొద్దన్నారు, వేయడం లేదు. పెళ్లయి తొమ్మిదేళ్లు. ఆయన తాగరు, తిరగరు, జీతం తెచ్చి చేతికిస్తారు. మొన్నామధ్య ఆయన ఫోన్‌లో ఏదో వెతుకుతుంటే వరసగా బొమ్మలు కనపడ్డాయిట. కొండచిలువ మనిషిని మింగుతున్నట్టు, తాటిచెట్టంత ఆడమనిషి ఓ మగవాణ్ణి అరచేతిలో పెట్టుకుని నోట్లో వేసుకుంటున్నట్టు! నిలదీస్తే ఆయన ముందు బుకాయించి, తర్వాత ఏడ్చేశారట. ఎవరో తనని మింగేస్తున్నట్టు ఊహించుకుంటేనే కోరిక కలుగుతుందని, పెళ్లికి ముందునుంచీ ఇంతేనని, ఎవరికీ చెప్పుకోలేకపోయానని. "అక్కయ్యగారూ, ఈయన మనుషుల్ని తినే రకమా? పక్కన పడుకోవాలంటే భయమేస్తోంది. అత్తగారికి చెప్పనా? పుట్టింటికి వెళ్లిపోనా?" అని అడిగారు.

వంటల పేజీ పక్కన ఇదేం గోల అని ముక్కున వేలేసుకునేవాళ్లుంటారు. ఉండనివ్వండి.

చెల్లెమ్మా, ముందు ఆ భయం సంగతి చూద్దాం. దీనికి వైద్యులు వాడే పేరు వొరారెఫీలియా. లాటిన్‌లో 'వొరారే' అంటే మింగడం. తాను ఇంకొకర్ని మింగినట్టో, తననే ఎవరో మింగినట్టో ఊహించుకుంటే కామవాంఛ కలగడం అన్నమాట. వైద్యుల దాకా అరుదుగా వచ్చే సంగతి. 2014లో ఆమీ లైకిన్స్, జేమ్స్ కాంటర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇలాంటి ఒకాయన గురించి వ్యాసం రాశారు. ఈ కోరికని నిజంగా తీర్చుకోవడం దాదాపు అసాధ్యం కాబట్టి, అది కథల్లోనూ బొమ్మల్లోనూ తిరుగుతూ ఉంటుందని వాళ్లన్నారు. మీవారి ఫోన్‌లో బొమ్మలున్నది అందుకే! మనకంటే బలమైనవాళ్లకి పూర్తిగా లొంగిపోవాలనే కోరికతో దీనికి చుట్టరికం ఉందట. 2001లో జర్మనీలో ఒకడు మరొకణ్ణి చంపి తిన్న కేసు మీరూ ఎక్కడో చదివి ఉంటారు. ఆ హత్యనీ ఈ ఊహనీ ఒకే గాటన కట్టకండి.

మింగడమనే ఊహ మనకి మాత్రం కొత్తా? హనుమంతుడు సురస నోట్లో దూరి బయటికొచ్చాడు. కచుడి బూడిదని మద్యంలో కలిపిస్తే శుక్రాచార్యుడు తాగేసి, కడుపులో ఉన్న శిష్యుడికి మృతసంజీవని నేర్పాల్సొచ్చింది. ఆ కథల్లో కామం లేదు, నిజమే. కానీ కొత్త పెళ్లికొడుకుని "చూపులతోనే తినేస్తున్నాడే" అని మరదళ్లు ఎగతాళి చేస్తారా లేదా? తిండికీ కోరికకీ మన మాటల్లోనే ఆ ముడి ఉంది. మీవారి మనసులో అది కాస్త గట్టిగా పడింది.

మరి ఇది జబ్బా? 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం వేసిన పుస్తకం ప్రకారం, కోరిక వింతదైనంత మాత్రాన జబ్బు కాదు. దానివల్ల ఆ మనిషి కుమిలిపోతున్నా, బతుకు దెబ్బతింటున్నా, తనకో ఇతరులకో హాని ఉన్నా అప్పుడే జబ్బు అనాలి. కాబట్టి బొమ్మల్ని కాదు, మనిషి నడతని చూడండి. నిద్ర మానుకుని ఫోన్ పట్టుకుంటున్నారా? ఉద్యోగం ఎగ్గొడుతున్నారా? మీకిష్టం లేనిది చేయమని బలవంతం చేస్తున్నారా? నిజంగానే చచ్చిపోవాలనుంది అంటున్నారా? వీటిలో ఏ ఒక్కటున్నా ఆలస్యం చేయొద్దు సుమా! మీ ఉత్తరంలో నాకివేవీ కనపడలేదు. ఆయన సిగ్గు మాత్రం కనపడింది.

అలాగని ఆయన ఊహలో మీరూ వేషం కట్టాలని కాదు. ఆయన అడిగినప్పుడు మీకు సరదాగా అనిపిస్తే అది మీ ఇద్దరి ఇష్టం. రోత పుడితే "నాకొద్దండీ" అని తేల్చి చెప్పండి.

అత్తగారికి మాత్రం చెప్పకండి. ఈవేళ అత్తగారు, రేపు ఆడపడుచు, ఎల్లుండి ఏ పెళ్లిపందిట్లోనో అందరూ గుసగుసలు. ఆయన జన్మలో ఇంకెప్పుడూ మీకు మనసు విప్పరు. బస్టాండు గోడల మీద పోస్టర్లు అంటించి, లాడ్జిల్లో మకాం వేసే 'గుప్త సమస్యల' వైద్యుల జోలికీ పోవద్దు. గాజులు తాకట్టుకెళ్తాయి గానీ ఊహలు ఎక్కడికీ పోవు. కావాలంటే మానసిక వైద్యుణ్ణి కలవండి. ఆసుపత్రి మెట్లెక్కడానికి బెరుకైతే, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలిమానస్ ఉంది. నంబరు 14416. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

పిల్లలు పడుకున్నాక ఆయన్ని కూర్చోబెట్టి, "దీనివల్ల మీరు బాధపడుతున్నారా?" అని నెమ్మదిగా అడగండి. అవునంటే ఇద్దరూ కలిసే వెళ్లండి. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పండి. పిల్లలు ఆటలకని ఆ ఫోనే తీస్తుంటారేమో, ఆ బొమ్మలు వాళ్ల కంటపడకుండా తాళం వేసుకోమనండి. ఆయన ఏమన్నారో వీలు చూసుకుని మళ్లీ రాయండి.