దయ్యం ఫోన్‌లో లేదు



హాస్టల్‌లో దయ్యాల సినిమాలంటే మనకి పండగే కదా. వాటిలో ఒకదాని గురించి నా అభిప్రాయం రాస్తున్నా. పేరు 'వన్ మిస్డ్ కాల్'. తకాషి మీకే తీసిన జపాన్ సినిమా, 2004లో అక్కడ విడుదలైంది. 2008లో అమెరికా వాళ్ళు మళ్ళీ తీశారు గానీ నేను చెప్పేది జపాన్‌ది. కథ మొత్తం చెప్పేస్తున్నా, చూడాలనుకునేవాళ్ళు చూసొచ్చి చదవండి.

కాలేజీ పిల్లలకి మిస్డ్ కాల్ వస్తుంది. తమ నంబర్ నుంచే, రాబోయే తేదీతో. వింటే తమ చివరి మాటలే. సరిగ్గా ఆ టైముకి చనిపోతారు. తర్వాత ఆ ఫోన్‌లో నంబర్ ఉన్న ఇంకొకరికి కాల్ వెళ్తుంది.

నట్సుమి అనే అమ్మాయికి కాల్ వస్తే టీవీ వాళ్ళు వాలిపోతారు. దయ్యాన్ని వదిలిస్తామని లైవ్ పెడతారు. ఆ పిల్ల లైవ్‌లోనే చనిపోతుంది. నాకు దయ్యం కంటే ఆ కెమెరాలే ఎక్కువ భయం పుట్టించాయి.

చివరికి దయ్యం ఎవరు? మిమికో అనే చిన్నపిల్ల. చెల్లెలిని గాయపరిచేది, నిజమే. కానీ ఆస్తమా వచ్చి ఊపిరాడక, పక్కన ఎవరూ లేక చనిపోయింది. దయ్యం అవ్వకముందు ఆమె ఒక రోగి.

ఇక్కడే నాకు మన ఏజెన్సీ గుర్తొచ్చింది. ఎవరికైనా జ్వరమొచ్చి తగ్గకపోతే "చిల్లంగి పెట్టారు" అంటారు. ఎక్కువగా వేలు ఎవరి వైపు చూపిస్తారు? ఒంటరి ముసలమ్మ, దిక్కులేని మనిషి. రోడ్డు లేక డోలీలో మోసుకెళ్ళే ఊళ్ళలో డాక్టర్ కంటే ముందు భయమే వస్తుంది. ఆకుమందు తెలిసిన మన పెద్దల్ని తక్కువ చేయట్లేదు. మందు ఇవ్వడం వేరు, మనిషి మీద వేలు చూపించడం వేరు.

ఇప్పుడు ఆ వేలు పని ఫోన్ చేస్తోంది. 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్ళే ముఠా అంటూ వాట్సాప్‌లో తిరిగిన పుకార్లకి మన తెలుగు రాష్ట్రాల్లోనూ అమాయకుల్ని కొట్టారు, ప్రాణాలు పోయాయి. సినిమాలో లాగే కాంటాక్ట్ లిస్ట్ పట్టుకునే చావు నడిచింది. తేడా ఒక్కటే, అక్కడ పంపింది దయ్యం, ఇక్కడ పంపింది మనుషులు.

ఊళ్ళో చదువుకున్నది మనమే కాబట్టి అడుగుతున్నా. "ఫలానావాళ్ళు చిల్లంగి" అని మెసేజ్ వస్తే ఫార్వర్డ్ చేయకండి, మీ దగ్గరే ఆపేయండి. జ్వరమొచ్చిన మనిషిని ఆసుపత్రికి దించండి. ఊరు వేలు చూపించిన మనిషి ఇంటికెళ్ళి కాసేపు కూర్చోండి. సినిమాలో యుమి తన స్నేహితురాలిని వదల్లేదు. మనమూ వదలొద్దు.

మీ ఊళ్ళో ఎలా ఉందో కామెంట్‌లో చెప్పండి, పేర్లు మాత్రం రాయకండి.

జోహార్.