తప్పు గిటారుది కాదు

గిటార్ల దుకాణంలో గోడకు వేలాడేవాటిలో ఒకదాన్ని దింపి చూపించమని ఎవరూ అడగరు. దాని నడుము రెండు పక్కలా ఒకే ఎత్తున నొక్కుకుపోయి ఉండదు. ఒక పక్క వంపు పైకి, రెండో పక్క వంపు కిందికి జరిగి, ఒళ్లంతా ఏటవాలుగా సాగినట్టుంటుంది. ఈ ఆకారాన్ని ఆఫ్‌సెట్ అంటారు. జాజ్‌మాస్టర్, జాగ్వార్, మస్టాంగ్ ఈ కుటుంబంలోవే. కొనడానికి వచ్చినవాడి కన్ను స్ట్రాటోకాస్టర్ మీదో లెస్ పాల్ మీదో పడుతుంది. ఇక ఆ ఆఫ్‌సెట్ తల మీద స్క్వయర్ అని ఉందంటే, అంటే ఫెండర్ గిటార్ల కంపెనీ చౌక బ్రాండు పేరు కనిపించిందంటే, దాని బతుకు అక్కడితో సరి. ఆకారం చూసి ఒక ఈసడింపు, ధర చూసి ఇంకొకటి. "నేర్చుకునే పిల్లలకి పర్లేదండీ" అని అమ్మేవాడే అంటాడు. రిపేరుకు తీసుకెళ్తే "దీని మీద పెట్టే డబ్బుకి ఇంకో గిటారు వస్తుంది సార్" అంటారు. ఈ మాటలు విని విని కడుపు మండి రాస్తున్నాను.

ఈ చిన్నచూపు దానికి కొత్త కాదు. 1958లో ఆ కంపెనీ స్థాపకుడు లియో ఫెండర్ జాజ్‌మాస్టర్‌ని తన గిటార్లన్నిటికీ పైమెట్టుగా తెచ్చాడు. కూర్చుని వాయించే జాజ్ విద్వాంసుల ఒళ్లో కుదురుగా నిలవాలని నడుముకు ఆ వంపు పెట్టాడు. ఎవరి కోసం చేశాడో వాళ్లే దాన్ని పట్టించుకోలేదు. కాలిఫోర్నియా తీరంలోని సర్ఫ్ సంగీత బృందాలు మాత్రం చేతికెత్తుకున్నాయి. 1962లో జాగ్వార్, 1964లో విద్యార్థుల కోసం మస్టాంగ్ వచ్చాయి. సర్ఫ్ మోజు తగ్గింది, అడిగేవాళ్లు తగ్గారు. 1975లో జాగ్వార్ తయారీ ఆగింది, 1980 నాటికి జాజ్‌మాస్టర్‌దీ అదే గతి. పాతవి చాలావరకు అమెరికాలో తాకట్టు దుకాణాలకు చేరాయి. అక్కడ వాటిని కొన్నది జేబులో డబ్బుల్లేని కుర్రాళ్లు. టెలివిజన్ బృందపు టామ్ వెర్లేన్, సోనిక్ యూత్, డైనోసార్ జూనియర్‌లో జె. మాస్కిస్, ఇటు ఐర్లండ్ నుంచి వచ్చిన కెవిన్ షీల్డ్స్ కూడా దాన్నే పట్టాడు. ఎల్విస్ కాస్టెలో 1977 నాటి తొలి ఆల్బమ్ అట్ట మీద జాజ్‌మాస్టర్‌తోనే నిలబడ్డాడు. షీల్డ్స్ దాని ట్రెమొలో కడ్డీని, అంటే తీగల బిగువు మార్చి స్వరాన్ని ఊపే కడ్డీని, చేత్తో పట్టుకునే తీగలు మీటుతూ 1991లో 'లవ్‌లెస్' అనే ఆల్బమ్ చేశాడు. ఆ శబ్దం వేరే గిటారుతో రాదని కాదు, కానీ ఆ కడ్డీ అంత మెత్తగా, అంత నిదానంగా ఊగే గిటార్లు తక్కువ.

ఇప్పుడు ఆ కాలపు గిటార్లు సేకర్తల అద్దాల బీరువాల్లో ఉన్నాయి. ధర వింటే గుండె ఆగుతుంది. నా ఆవేదనంతా ఇక్కడే. ఆ కుర్రాళ్లు ఎంచుకున్నది అపురూపమైన వస్తువును కాదు, ఎవరికీ అక్కర్లేనిదాన్ని. ఆనాడు తాకట్టు దుకాణపు జాజ్‌మాస్టర్ ఉన్న చోట ఈనాడు చౌక ఆఫ్‌సెట్ ఉంది. మనం వాళ్ల ఫోటోలకు దండం పెట్టి, వాళ్లు ఇవాళ కుర్రాళ్లయి ఉంటే కొనుక్కునేదాన్ని బొమ్మ అంటున్నాం.  మాస్కిస్ తన పేరుతో 2011లో విడుదలైన జాజ్‌మాస్టర్‌ని స్క్వయర్ బ్రాండు కిందే రానిచ్చాడు. ఆ ఒక్క పని చాలు, ఈ గిటార్ల గురించి ఆయన ఏమనుకున్నాడో తెలియడానికి.

సరే, నిందలేమిటో చూద్దాం. తీగ బజ్జుమంటుంది. గట్టిగా మీటితే, బ్రిడ్జి మీద తాను ఆనుకునే శాడిల్ గాడిలోంచి పక్కకు దూకుతుంది. బ్రిడ్జి కదులుతుంది. ఈ మూడూ నిజమే, కాదనను. కానీ వీటికి చౌకదనంతో సంబంధం లేదు. అద్దాల బీరువాలో ఉన్న 1960ల నాటి గిటారు కూడా ఇదే చేస్తుంది.

జాజ్‌మాస్టర్‌లో బ్రిడ్జికీ, వెనక తీగల్ని పట్టుకునే ట్రెమొలోకీ మధ్య దూరం చాలా ఎక్కువ. అందువల్ల తీగ బ్రిడ్జి మీద ఎక్కి దిగే కోణం తక్కువ, శాడిల్ మీద అది మోపే బరువూ తక్కువే. ఆ కాలంలో వాడింది లావుపాటి తీగలు, సన్నతీగే అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 12 ఉండేది. ఆ బిగువుకు బ్రిడ్జి కుదురుగా ఉండేది. ఇవాళ ఫ్యాక్టరీలోనే 9 తీగలో 10 తీగలో బిగించి పెట్టెలో పెడుతున్నారు. కోణం తక్కువ, బిగువూ తక్కువ అయ్యాక తీగ బజ్జుమనక ఏం చేస్తుంది? పైగా ఆ బ్రిడ్జి కదిలేది కావాలనే. ట్రెమొలో నొక్కినప్పుడు తీగలు శాడిళ్ల మీద రాసుకోకుండా, బ్రిడ్జే తీగలతో పాటు ముందుకూ వెనక్కూ ఊగాలని లియో ఫెండర్ చేసిన ఏర్పాటు అది. దాన్ని చూసి "ఊగిపోతోంది, నాసిరకం" అని తీర్పు చెప్పేస్తారు.

మందు చాలా చిన్నది. నెక్‌ని బాడీకి పట్టి ఉంచే నాలుగు స్క్రూలు విప్పి, ఆ గుంటలో బ్రిడ్జి వైపు అంచున ఒక సన్నని షిమ్ పెట్టాలి. కొయ్య ముక్కయినా సరే, గట్టి అట్ట ముక్కయినా సరే. నెక్ వెనక్కి వాలుతుంది, దానికి తగ్గట్టు బ్రిడ్జిని పైకి లేపాల్సి వస్తుంది, కోణం పెరుగుతుంది. తీగలు 11కి మారిస్తే గిటారు గొంతే మారిపోతుంది. తంబురా మెట్టు మీద తీగ కింద చిన్న నూలుపోగు జరిపితే నాదం విప్పారినట్టే ఇదీ. నూలుపోగు లేని తంబురాను పట్టుకుని పనికిరానిదని ఎవరైనా అంటారా?

తయారీదార్లకు ఇది తెలియదా అంటే, బాగా తెలుసు. ఫెండరే తర్వాత కొన్ని మోడళ్లలో నెక్ గుంట కోణం పెంచింది, ట్రెమొలోని బ్రిడ్జికి దగ్గరగా జరిపింది, పాత రకం శాడిళ్ల బదులు ఒకే లోతైన గాడి ఉండే మస్టాంగ్ రకం శాడిళ్లు పెట్టింది. జబ్బు తెలుసు, మందు తెలుసు. చౌక గిటారు కొన్నవాడికి మాత్రం ఆ మాట ఒక కాగితం మీద రాసి పెట్టెలో వేయరు. వాడు రెండు నెలలు తంటాలు పడి, తనకు వాయించడం రాదనుకుని అమ్మేస్తాడు. గిటారుకూ నింద, మనిషికీ నింద.

చౌకదనం వల్ల వచ్చే లోపాలు వేరే ఉన్నాయి, అవీ చెప్పాలి. పాత జాజ్‌మాస్టర్ బాడీలోని గుంటల్లో ఇత్తడి రేకు తొట్లు ఉండేవి, హమ్ అనే రొద రాకుండా. చౌకవాటిలో అవి సాధారణంగా ఉండవు. రాగి టేపు అతికించి ఎర్త్ కలిపితే సరిపోతుంది. కొన్నింటిలో పికప్ మూత మాత్రమే జాజ్‌మాస్టర్‌ది, లోపలున్నది వేరే రకం. అసలుదానిలో వెడల్పాటి పలచని కాయిల్ మధ్య నిలబడ్డ కడ్డీలే అయస్కాంతాలు. ఇది మోసమేనని నేనూ అంటాను. కానీ పికప్ మార్చడానికి కావలసింది ఒక సోల్డరింగ్ ఐరన్, ఒక మధ్యాహ్నం. మరో ఫిర్యాదు ఫింగర్‌బోర్డు గురించి: "రోజ్‌వుడ్ కాదు, లారెల్ అట." 2017లో రోజ్‌వుడ్ జాతుల మీద అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ వచ్చాక గిటార్ల కంపెనీలు వేరే కలప వెతుక్కున్నాయి. అలా వచ్చిన ఇండియన్ లారెల్ మన అడవుల్లో పెరిగే నల్లమద్దే. దూలాలకు పనికొచ్చిన చెట్టు వేళ్ల కింద పలకకు పనికిరాదా?

మార్పులు చేస్తే విలువ పోతుందనేవాళ్లకు ఒక మాట. కర్ట్ కొబేన్ చేతికి వచ్చేసరికే అతని 1965 జాగ్వార్‌కి హంబకర్లు, అంటే జంట కాయిళ్ల పికప్‌లు బిగించి, అదనపు నాబ్‌లు పెట్టి ఉన్నాయి. ఎవరో అంతకుముందే దానికి రంధ్రాలు చేశారు, అతను అలాగే వాయించాడు. సోనిక్ యూత్ వాళ్లు తమ గిటార్లలో స్విచ్చులు, నాబ్‌లు పీకి పారేశారు. ఇవాళ 1965 జాగ్వార్‌కి రంధ్రం చేయడానికి ఎవరి చెయ్యి ఆడుతుంది? చౌక ఆఫ్‌సెట్‌కి చేయొచ్చు. లియో ఫెండర్ రేడియోలు బాగుచేసిన మనిషి. నెక్‌ని జిగురుతో అతికించకుండా స్క్రూలతో బిగించింది, వైరింగంతా ఓ పలకకు వేలాడదీసింది విప్పడానికే. ఆయన పెట్టిన ఆ గుణం ఇవాళ ఈ చౌక గిటార్లలోనే నిర్భయంగా అనుభవంలోకి వస్తోంది.

అందుకని అడుగుతున్నాను. తయారుచేసేవాళ్లు ఆ పెట్టెలో ఒక షిమ్ వేయండి, 11 తీగలు బిగించి పంపండి. అమ్మేవాళ్లు గోడకు తగిలించేముందు ఒకసారి ఆ నెక్ విప్పి సరిచేయండి. రిపేరు చేసేవాళ్లు గిటారు ధర చూసి కాదు, తెచ్చిన మనిషి మొహం చూసి పని మొదలుపెట్టండి. ఇంట్లో మంచం కింద ఒకటి పడేసి ఉన్నవాళ్లు దాన్ని అమ్మకండి. ముందు తీగలు మార్చండి, తర్వాత షిమ్, ఆ తర్వాత బ్రిడ్జి. పికప్‌ల జోలికి అప్పటిదాకా పోకండి.