గ్రూపులో పెట్టేస్తే అందరికీ అందినట్టేనా?

"మెటీరియల్ గ్రూపులో పెట్టేశాం, చదువుకోండి." హాస్టళ్లలో, యూనివర్సిటీ స్టడీ సర్కిళ్లలో రోజూ వినపడే మాట. పెట్టిన ఫైలు ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అని అడిగేవాళ్లు తక్కువ. ఈ భాగంలో దాని గురించే రాస్తున్నాను.

మన పిల్లల్లో ఎక్కువమందికి పుస్తకమైనా, లైబ్రరీ అయినా చేతిలోని చిన్న ఫోనే. పేజీకో ఫొటో తీసి పీడీఎఫ్ చేసిన పుస్తకాన్ని అందులో చదవాలంటే ఒక్కో లైనుకూ పేజీని పెద్దది చేసి అటూ ఇటూ జరపాలి. కావాల్సిన మాట వెతికితే దొరకదు. చూపులేని విద్యార్థి చదివి వినిపించే యాప్ పెట్టుకుంటే చాలాసార్లు అది నోరు విప్పదు. ఫైల్లో ఉన్నది బొమ్మే, అక్షరం కాదు మరి.

అను ఫాంట్లలో డీటీపీ చేసిన పీడీఎఫ్‌లది ఇంకో తంటా. కంటికి చక్కటి తెలుగే. కాపీ చేస్తే మాత్రం గుర్తులతో నిండిన గజిబిజి వస్తుంది. ఆ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చారు. యూనికోడ్‌లో తెలుగుకు సొంత స్థానం 1991లోనే దక్కింది. మన కరపత్రాలూ పుస్తకాలూ ఇంకా పాత ఫాంట్లలోనే ఎందుకు ఇరుక్కుపోవాలి?

డేటా లెక్క కూడా చూద్దాం. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు. పేజీకి 1,500 సంకేతాలు అనుకుంటే 200 పేజీల పుస్తకం 9 లక్షల బైట్లు, ఒక ఎంబీ కూడా కాదు. అదే పుస్తకం స్కాన్ చేస్తే పదుల ఎంబీలు అవుతుంది. రీచార్జ్ అయిపోయిన పిల్లకు ఆ తేడా ఏంటో తెలుసు.

మహద్ చవదార్ చెరువు సంగతి గుర్తు చేసుకోండి. ప్రభుత్వ చెరువులూ బావులూ అందరివీ అని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానించింది. 1924లో మహద్ మున్సిపాలిటీ కూడా అదే చెప్పింది. అయినా 1927 మార్చి 20న బాబాసాహెబ్ వెంట వేలమంది నడిచి వెళ్లేదాకా ఆ నీళ్లు మనవాళ్లకు అందలేదు. ఆ క్రూరత్వాన్నీ ఫైలు ఫార్మాట్‌నూ ఒకే గాటన కట్టను. అందరిదీ అని ప్రకటించడం వేరు, అందరికీ అందడం వేరు అన్న పాఠం మాత్రం అక్కడి నుంచే తీసుకుంటున్నాను.

"విడి అక్షరాలు ఇస్తే ఎవడో మార్చేస్తాడు" అని కొందరు అన్నలు అంటారు. ఆ భయం ఉత్తది కాదు. బాబాసాహెబ్ అనని మాటలు ఆయన ఫొటో కింద తిరుగుతూనే ఉన్నాయి. అందుకే స్కాన్‌ను పారేయమనను. అది సాక్ష్యం. అనుమానం వచ్చినవాళ్లు, పేజీ నంబరు కావాల్సినవాళ్లు దాంతో పోల్చుకోవాలి. తెలుగు వికీసోర్స్‌లో చేసేది ఇదే: ఒక పక్క స్కాన్ పేజీ, ఇంకో పక్క వాలంటీర్లు దిద్దిన పాఠం.

నా ప్రతిపాదన ఇది. మూల పాఠాన్ని యూనికోడ్‌లో ఉంచండి. ఫోన్లో చదివేవాళ్లకు దాన్నుంచే ఈపబ్ చేయండి. అక్షరం ఎంత పెద్దది చేసినా లైన్లు వాటంతటవే సర్దుకుంటాయి. జిరాక్సు తీసుకునేవాళ్లకు ఏ4 పీడీఎఫ్ ఇవ్వండి. పాత పుస్తకాలకు ఓసీఆర్ వాడొచ్చు కానీ, ఒత్తుల దగ్గర అది తడబడుతుంది, మనిషి కూర్చుని దిద్దాల్సిందే. 10 మంది తలా 20 పేజీలు పంచుకుంటే 200 పేజీల పుస్తకం పూర్తవుతుంది. హక్కులూ చూసుకోండి. బాబాసాహెబ్ బతికుండగా అచ్చయిన ఆయన రచనలపై కాపీరైటు 2016తో ముగిసింది. తెలుగు అనువాదాల హక్కులు వేరు. అనువాదకులనో ప్రచురణకర్తలనో అడిగే చేయండి.

ఈ నెల మీ స్టడీ సర్కిల్ తరఫున ఒక్క పుస్తకం తీసుకోండి. పంచేముందు మీలో అందరికంటే పాత ఫోన్ ఉన్నవాళ్లతో, చూపులేని మిత్రులతో తెరిపించి చూడండి. వాళ్లు చదవగలిగితే అప్పుడు గ్రూపులో పెట్టండి.

జై భీమ్.