పిల్లవాడి ప్రశ్నకు చోటేదీ?

ఇశ్రాయేలు ప్రజలు యొర్దాను నది దాటినప్పుడు దేవుడు వారి చేత ఒక చిత్రమైన పని చేయించాడు. నది నడుమ నుండి పన్నెండు రాళ్లు మోసుకొచ్చి, గిల్గాలులో నిలబెట్టించాడు. ఎందుకంటే, రేపెప్పుడో పిల్లలు వాటిని చూసి ఈ రాళ్లేమిటని అడుగుతారు, అప్పుడు తండ్రులు జరిగిన సంగతి చెప్పాలి (యెహోషువ 4వ అధ్యాయం). పస్కా పండుగ విషయంలోనూ అంతే. ఈ ఆచారమేమిటని పిల్లలు అడిగినప్పుడు ఏం చెప్పాలో మోషే ముందుగానే నేర్పాడు (నిర్గమ 12). ఈ కట్టడలన్నీ ఎందుకని కొడుకు అడిగే సందర్భం ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయంలోనూ ఉంది. గమనించారా? మూడు చోట్లా ముందు నోరు విప్పేది పిల్లవాడే.

మన బళ్లలో ఇది తలకిందులైంది. ప్రశ్న పంతులుగారిది, జవాబు పిల్లవాడిది. ఆ జవాబు కూడా గైడులో ఉన్నట్టే ఉండాలి. ఎదురు ప్రశ్న వేసినవాడికి సిలబస్ పూర్తి కానివ్వని అల్లరివాడని పేరు.

మా సంఘంలో ఉపాధ్యాయులు చాలామందే ఉన్నారు. ఆరాధన ముగిశాక కాసేపు వారితో మాట్లాడటం మాకు అలవాటు. ముప్పై ఏళ్లుగా సోషల్ చెబుతున్న ఒక మాస్టారు ఆ మధ్య ఒక మాటన్నారు. సిపాయిల తిరుగుబాటు ఏ ఏడాదిలో జరిగిందంటే పిల్లలు తడుముకోకుండా చెబుతారట. మీ తాత ఏ ఊరి నుంచి వచ్చాడురా అంటే మాత్రం దిక్కులు చూస్తారట.

కంఠస్థం చేయడం తప్పని మేమనం. కీర్తనలు నోటికి రావడం ఎంత ధన్యతో కష్టకాలంలో మంచం పట్టిన పెద్దలను అడగండి, చెబుతారు. పిల్లలకు దేవుని మాటలు నేర్పమని మోషే చెప్పిన చోట (ద్వితీ 6:7) హెబ్రీలో వాడిన మాటకు పదును పెట్టడమనే అర్థముంది. కత్తిని రాతి మీద పదేపదే నూరినట్టు పదేపదే చెప్పాలి. కానీ ఆ నూరడం ఎక్కడ జరగాలన్నాడు? ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిన నడుస్తున్నప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. ఇప్పుడు పదిహేనేళ్ల పిల్లవాడికి ఆ ఇల్లు లేదు, ఆ దారీ లేదు. హాస్టల్లో తెల్లవారకముందే స్టడీ అవర్, రాత్రి మళ్లీ స్టడీ అవర్, ఆదివారం పరీక్ష. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వెలువడ్డాక ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మార్కుల నమోదులో తప్పులు దొర్లినట్టు తరవాత తేలింది. లెక్కలు సరిదిద్దారు. కానీ ఒక కాగితం మీది అంకె తన బతుకు మీద తీర్పని అంతమంది పిల్లలు నమ్మేలా వారిని పెంచిందెవరు? దానికి ఏ రీవాల్యుయేషనూ లేదు.

ఏటా సెప్టెంబరు 5న సర్వేపల్లి రాధాకృష్ణన్ పటానికి దండ వేస్తాం. ఆయన చదువు చాలావరకు క్రైస్తవ విద్యాసంస్థల్లోనే సాగింది. తిరుపతి లూథరన్ మిషన్ పాఠశాల, వెల్లూరు వూరీస్ కాలేజీ, ఆపైన మద్రాసు క్రైస్తవ కళాశాల. అక్కడ హిందూమతంపై మిషనరీలు చేసిన విమర్శలు ఆ యువకుణ్ని గాయపరిచాయి, ఆలోచింపజేశాయి కూడా. వాటికి జవాబుగానే 1908లో తన ఎం.ఏ. పట్టా కోసం వేదాంత నీతిపై సిద్ధాంత వ్యాసం రాశారు. ఫిలాసఫీ ఆచార్యుడు ఆల్‌ఫ్రెడ్ జార్జ్ హాగ్ స్కాటిష్ మిషనరీ. ఆయనకు కోపం వస్తుందేమోనని శిష్యుడు భయపడ్డాడు. హాగ్ మాత్రం ఆ వ్యాసాన్ని ఎంతో మెచ్చుకున్నారు. తన విశ్వాసాన్ని వదులుకోకుండానే, తనతో విభేదించిన ఇరవై ఏళ్ల కుర్రవాడిని గౌరవించగలిగిన గురువు ఆయన. గురుపూజోత్సవం నాడు శిష్యుడితోపాటు ఆ గురువునూ తలుచుకుంటే బాగుంటుంది.

పన్నెండేళ్ల యేసు యెరూషలేము దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని ఏం చేస్తున్నాడని లూకా రాశాడు? వారి మాటలు వింటూ, వారిని ప్రశ్నలు అడుగుతున్నాడు (లూకా 2:46). నీకెందుకు, వెళ్లి ఆడుకో అని ఆ పండితులు గద్దించి ఉంటే మనకు ఆ ఘట్టమే మిగిలేది కాదు. సండే స్కూళ్లలోనూ చాలాచోట్ల వచనం అప్పజెప్పినవాడికి బహుమతి ఉంటుంది. దేవుడు మా అమ్మను ఎందుకు బాగుచేయలేదని అడిగిన పిల్లవాడికేమో అలా అనకూడదు బాబూ అన్న మందలింపు.

పెద్దలు విసుక్కుంటే పిల్లలు ప్రశ్న మానుకోరు. సెల్‌ఫోన్‌ను అడుగుతారు. అది కసురుకోదు, క్షణంలో జవాబిస్తుంది, ఒక్కోసారి మాస్టారి కంటే మేలైన జవాబే ఇస్తుంది. అయితే ద్వితీయోపదేశకాండంలో కొడుక్కి తండ్రి చెప్పవలసిన జవాబును చూడండి. ఐగుప్తులో మేము బానిసలుగా ఉన్నామంటూ అది మొదలవుతుంది. తరతరాలుగా ఆ జవాబు చెబుతూ వచ్చినవారు ఐగుప్తును కళ్లతో చూసినవారు కారు. అయినా మేము అంటారు. ఈ మేము అనే మాట ఏ యంత్రమూ అనలేదు. మన తెలుగు పల్లెల్లో ఎన్నో దళిత కుటుంబాలకు తొలి అక్షరం దొరికింది ప్రార్థన మందిరం అరుగు మీద, లాంతరు వెలుగులో, ఉపదేశి పంతులు దగ్గరే. అంతకుముందు మమ్మల్ని బడి గడప తొక్కనివ్వలేదని, పలక పట్టిన రోజు ఇంట్లో పండుగ జరిగిందని మనవడికి తాతే చెప్పాలి. తాత దగ్గర కూర్చునే తీరిక మనవడికి ఉండాలి. ఆ మనవడిప్పుడు హాస్టల్లో ఉన్నాడు.

పైన చెప్పిన మాస్టారు ఈ ఏడాది ఎనిమిదో తరగతికి ఒక పని ఇచ్చారు. ఇంట్లో అందరికంటే పెద్దవారిని ఒక్క ప్రశ్న అడిగి, వారు చెప్పింది చెప్పినట్టు రాసుకురమ్మన్నారు. ఇది పరీక్షలో వస్తుందా అని ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు ఫోన్ చేశారు. రాదని చెప్పారాయన. ఒకమ్మాయి, వాళ్ల నాయనమ్మ వేలిముద్ర మానేసి సంతకం నేర్చుకున్న సంగతి నాలుగు పేజీలు రాసింది. చివర ఆ నాయనమ్మ చేతే సంతకం పెట్టించుకొచ్చింది. ఆ నోటుబుక్కులకు మాస్టారు మార్కులు వేయలేదు.